రేవుకోటకు వెళ్ళిన మంచం

పూర్వం మొగలేరు అనే ఏటికి ఇవతలి ఒడ్డున కనకగుట్ట రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండరాయలు చెడ్డవాడేమీ కాదు. పన్నులు ఓ మోస్తరుగా వేసేవాడు, పండుగలకు జనానికి కడుపునిండా పెట్టించేవాడు. కాకపోతే తన నోట వచ్చిన మాటంటే ఆయనకు మహా ముచ్చట. ఒక మాట అన్నాక, అది ఎంత దర్జాగా ఉందో తలుచుకుని మీసం దువ్వుకునేవాడే తప్ప, ఎవరి నెత్తిన పడిందో చూసేవాడు కాదు.

ఆ రాజుగారి పడకటింటి అధికారి పేరు కాచన. పరుపులు ఎండబెట్టించడం, దుప్పట్లు మార్పించడం, మధ్యాహ్నం భోజనమయ్యాక రాజుగారికి కునుకు పట్టేదాకా పక్కన నిలబడి కబుర్లు చెప్పడం అతని పని. యాభై దాటిన మనిషి, సన్నగా, కాస్త వంగి ఉండేవాడు. జన్మలో కత్తి పట్టి ఎరుగడు. ఉరుము ఉరిమితే ఉలిక్కిపడే రకం. ఆ సంగతి దాచుకునేవాడూ కాదు. అయితే మాట మాత్రం సమయానికి సూదిలా దిగేది.

రాజుగారి మంచం సామాన్యమైంది కాదు. నల్లచేవ కర్రతో చేసిన పందిరిమంచం. నలుగురు పడుకున్నా ఇంకా చోటు మిగిలేది. దాని కోళ్ళు ఎంత ఎత్తంటే, ఎక్కడానికి పీట వేయాలి. ఉద్దండరాయలకు ఆ మంచం మీద తప్ప మరెక్కడా నిద్ర పట్టదు.

మొగలేటి నడుమ ఒక చిన్న లంక ఉంది. అందులో దోసపాదులు విరగకాసేవి. ఆ లంక మాదంటే మాదని ఇవతలి రాజూ అవతలి రాజూ పట్టుబట్టారు. మాటా మాటా పెరిగి యుద్ధం దాకా వచ్చింది. ఇవతలి ఒడ్డున రేవుకోటలో ఉద్దండరాయల సైన్యం దిగింది. అవతలి ఒడ్డున శత్రువులు గుడారాలు వేశారు. ఇరువైపులా రాళ్ళు విసిరే యంత్రాలు పెట్టుకుని, పొద్దున్నా మధ్యాహ్నం బండరాళ్ళు విసురుకోసాగారు. నీళ్ళు పోసే దిక్కు లేక దోసపాదులు ఎండిపోయాయి.

యుద్ధం మొదలైన నాటి నుంచి ఉద్దండరాయలు రేవుకోట ముఖం చూడలేదు. రాజధానిలో కూర్చునే ఆజ్ఞలు పంపేవాడు.

కోటలో దీపాలు చూసుకునేవాడు లేడని కబురొస్తే, మంత్రి గుండామాత్యుడు కొలువులో దివిటీలు వెలిగించే సింగడిని బలవంతంగా బండెక్కించి పంపించాడు. అక్కడ రాయి దొర్లి సింగడి కాలు నలిగింది. కుంటుకుంటూ తిరిగొచ్చాడు. నిచ్చెన ఎక్కలేనివాడు దీపాలెలా వెలిగిస్తాడని మంత్రి అతన్ని కొలువులోంచి తీసేశాడు.

సింగడి భార్య వచ్చి కాచన గుమ్మంలో నిలబడింది. "అన్నా, రాజుగారి చెవిన ఒక్క మాట వెయ్యవూ? కాలు పోగొట్టుకున్నది వాళ్ళ పని మీదే కదా," అంది. ఏడవలేదు. అదే కాచనకు మరీ కష్టంగా తోచింది.

ఆ మధ్యాహ్నం రాజుగారు మంచం మీద వాలి, "ఏమోయ్ కాచనా, ఇవాళ కబుర్లేమీ లేవా?" అన్నాడు.

కాచన సింగడి సంగతి చెప్పాడు.

"పాపం!" అన్నాడు రాజు. "అయితే?"

"ప్రభూ, కోటకు మనుషులు కావాలన్నది నిజం. సైనికుడికీ అన్నం వండిపెట్టేవాళ్ళుండాలి, గాయానికి కట్టు కట్టేవాళ్ళుండాలి. కాదనను. కానీ సైనికుడు ప్రాణానికి తెగించే కొలువులో చేరతాడు. సింగడు దీపాలు వెలిగించడానికి చేరాడు. అలాంటివాణ్ణి రాళ్ళు పడే చోటికి పంపేటప్పుడు, వెళ్తావా అని అడిగి, ఏదన్నా జరిగితే నీ ఇంటివాళ్ళను మేం చూసుకుంటామని ఒక మాట ఇస్తే..."

"అడగడమా!" రాజు సగం లేచి కూర్చున్నాడు. "రాజు అడుగుతాడటోయ్! చెయ్యి వేళ్ళను అడిగి ముద్ద కలుపుతుందా?"

ఆ మాట ఆయనకు ఎంతో నచ్చింది. మరోసారి మెల్లగా అనుకుని, మీసం దువ్వుకుని, హాయిగా నిద్రపోయాడు. కాచన చాలాసేపు అక్కడే నిలబడి ఆ గురకను విన్నాడు.

మర్నాడు కొలువులో గుండామాత్యుడు లేచాడు. ఆయనది రాజుగారు తుమ్మినా అందులో గాంభీర్యం చూడగలిగిన కన్ను.

"ప్రభూ! రేవుకోట దళవాయి బొల్లన వంటవాళ్ళు కావాలని, వైద్యులు కావాలని మళ్ళీ కబురు పెట్టాడు. ఒకరిద్దరిని పంపడం ఏమిటి? తమ ఉప్పు తింటున్నవాళ్ళందరినీ పంపేస్తే సరి! భయమని కొందరు సణుగుతున్నారట. రేవుకోటలో భయమేమిటి ప్రభూ? తమ పడకటిల్లు ఎంత క్షేమమో, రేవుకోట అంత క్షేమం!"

"భేష్!" అన్నాడు రాజు. "ఆ ముక్క కూడా దండోరాలో వేయించండి."

అప్పటికప్పుడు ఆజ్ఞ తయారైంది. కొలువులో ఉప్పు తినే ప్రతివాడూ తన పనిముట్లతో సహా రేవుకోటకు పోవాలి. ఇక్కడ ఏ పని చేస్తున్నాడో అక్కడా అదే పని చెయ్యాలి. చెయ్యనివాడికీ, అడ్డొచ్చినవాడికీ కొరడా దెబ్బలు. రేవుకోట మహారాజుగారి పడకటిల్లంత క్షేమం.

కొలువంతా గుప్పుమంది. ఆస్థాన జ్యోతిష్యుడు తన జాతకంలో లేని శనిని అప్పటికప్పుడు కనిపెట్టాడు. సంగీతం అయ్యవారికి గొంతు పూడుకుపోయి, ఆ సంగతి సైగలతో చెప్పాల్సివచ్చింది. రాణివాసపు మంత్రసాని పోలమ్మ మాత్రం గట్టిగానే అడిగింది.

"కోటలో ఒక్క ఆడమనిషి లేదు గదా మంత్రిగారూ! అక్కడ నన్ను ఎవరికి పురుడు పొయ్యమంటారు? ఏనుగులకా?"

"ఆజ్ఞలో ఏనుగుల ప్రస్తావన లేదు," అన్నాడు గుండామాత్యుడు గంభీరంగా.

వెనక వరసలోంచి కాచన ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"మంత్రివర్యా, నాదొక చిన్న సందేహం. పనిముట్లు తప్పక తీసుకుపోవాలా?"

"తప్పక!"

"బరువైనవైనా?"

"ఎంత బరువైనా సరే. కమ్మరి దాగలి మోసుకుపోడూ?"

"తీసుకుపోతుంటే ఎవరైనా అడ్డగిస్తే?"

"ఎంతటివాడైనా కొరడా దెబ్బలే."

"ఇక్కడ చేసే పనే అక్కడా చెయ్యాలి. మరొకటి చెయ్యకూడదు. అంతేగా?"

"అంతే, అంతే! ఎన్నిసార్లు చెప్పాలయ్యా?"

"మరి నేను కూడా పోవాలా?"

ఉద్దండరాయలు మంత్రి వైపు చూశాడు. మధ్యాహ్నపు కబుర్లు గుర్తొచ్చి ఒక్క క్షణం తటపటాయించాడు. కానీ గుండామాత్యుడు అప్పటికే చెయ్యెత్తాడు. "ఎవరికీ మినహాయింపు లేదు! ఒకరిని వదిలితే అందరూ కారణాలు వెతుక్కుంటారు."

"నిజమే," అన్నాడు రాజు. కత్తి దూసి దాని మీద చెయ్యేశాడు. "ఈ కత్తి మీద ఆన! ఈ ఆజ్ఞలో ఒక్క అక్షరం మార్చను."

"ప్రభువుల చిత్తం," అని కాచన వంగి దండం పెట్టాడు. రాళ్ళ మాట తలుచుకుంటేనే అతనికి భయం. అయినా ఇంటికి పోయే దారిలో ఎడ్లబండ్ల వాళ్ళ దగ్గర ఆగి, అన్నిటికన్నా పెద్ద బండి ఏదని అడిగాడు.

మర్నాడు పొద్దెక్కాక అంతఃపుర ద్వారం దగ్గర పెద్ద కోలాహలం. బోయీలు హైలెస్సా అంటూ రాజుగారి మంచాన్ని బయటికి మోసుకొస్తున్నారు. ముందు కాచన, చంకలో రాజుగారి దిండు.

ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు. "ఆగండాగండి! ఎక్కడికి మంచం?"

"రేవుకోటకు. నా పనిముట్టు."

"ఇదా పనిముట్టు?"

"మంగలికి కత్తి, వంటమనిషికి గరిటె, పడకటింటి అధికారికి మంచం. కాదంటే చెప్పు, దింపిస్తాను. కాకపోతే అడ్డొచ్చినవాడికి ఏదో అన్నారు నిన్న దండోరాలో..."

ద్వారపాలకుడు వీపు తడుముకుని ఈటె తీసేశాడు.

మంచం బండెక్కింది. దోమతెర గాలికి ఎగురుతుంటే, ఊరు ఊరంతా వీధిలోకొచ్చి నిలబడింది. ఏదో దేవుడి ఊరేగింపనుకుని ఒక ముసలమ్మ హారతి కూడా ఇచ్చింది.

భోజనం ముగించి తాంబూలం నములుతూ పడకటింట్లోకి వచ్చిన ఉద్దండరాయలకు ఖాళీ గది కనిపించింది. నేల మీద నాలుగు కోళ్ళ గుర్తులు మాత్రం మిగిలాయి.

విషయం తెలిసి ఆయన మండిపడ్డాడు. కానీ ఏమనగలడు? ఆజ్ఞ తనదే, ఆన తనదే. "ఒక మంచం లేకపోతే ఏం, రాజ్యంలో మంచాలకు కరువా?" అని రాణిగారి ఉయ్యాల బల్ల మీద పడుకున్నాడు. తల తిరిగింది. నేల మీద పక్క వేయించుకుంటే నడుం పట్టేసింది. గుండామాత్యుడు మహా వినయంగా తన మంచం తెప్పించి వేయించాడు. అందులో నల్లులు కాపురముంటున్న సంగతి మంత్రికి అలవాటైపోయింది గాని, రాజుగారికి అలవాటు కాలేదు.

రోజులు గడిచేకొద్దీ రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. మంచం తెమ్మని పంపిన భటుడు ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

"ప్రభూ, దళవాయి బొల్లనగారు ఆజ్ఞ చదివి వినిపించి, అడ్డగిస్తే నాకే కొరడా దెబ్బలన్నారు. పడకటింటి అధికారి మాత్రం ఒక మనవి చెప్పి పంపారు."

"ఏమన్నాడు?"

"ఏలినవారికి దండాలు. మంచం వేశాను, పరుపు ఎండబెట్టాను, దుప్పటి పరిచాను. అక్కడ నేను చేసే పని తమరిని నిద్రపుచ్చడం. తమరు లేక ఇక్కడ నా పని ఆగిపోయింది. పని చెయ్యనివాడికి కొరడా దెబ్బలట. నా వీపును కాపాడడానికైనా ఒక్కసారి దయచెయ్యండి. కోట తమ పడకటిల్లంత క్షేమం కదా... అన్నారు ప్రభూ."

కొలువులో ఎవరో దగ్గారు. ఉద్దండరాయలు చివాల్న లేచాడు.

"పదండి మంత్రీ! కోట ఎంత క్షేమమో వాడి కళ్ళెదుటే నిద్రపోయి చూపిస్తాను!"

"నేనూనా ప్రభూ?" అన్నాడు గుండామాత్యుడు.

అక్కడ రేవుకోటలో కాచన పరిస్థితి చెప్పేటట్టు లేదు. రాయి పడ్డప్పుడల్లా అతని ప్రాణం గొంతులోకొచ్చేది. మంచం ఏ గదిలోనూ పట్టక, కోట నడిమి ఆవరణలోనే వేయించాడు. రాళ్ళు పడే వేళకు కొలువు వాళ్ళలో చాలామంది దాని కిందికే పరుగెత్తేవాళ్ళు. కాచనా దూరేవాడు. అంత గట్టి మంచం కోటలో మరొకటి లేదు.

అందరూ దూరేవాళ్ళు కాదు. వంటశాల పెద్ద ముత్తమ్మ పొయ్యి వదిలేది కాదు. మంత్రసాని పోలమ్మ పురుళ్ళు లేక ఊరుకోకుండా, గాయపడ్డ బంట్లకు కట్లు కడుతూ, వాళ్ళను బిడ్డల్లా కసురుతూ తిరిగేది. వాళ్ళను చూస్తే కాచనకు సిగ్గూ వేసేది, ముచ్చటా వేసేది.

ఒక మధ్యాహ్నం రాజుగారి ఏనుగు కోటలోకి వచ్చింది. బంట్లు మొదట నమ్మలేదు. నమ్మాక, కోట దద్దరిల్లేలా జయజయధ్వానాలు చేశారు. ఉద్దండరాయలు వాళ్ళ ముఖాలు చూశాడు. అంత చిక్కిపోయిన మనుషులు అంత గట్టిగా అరవగలరని ఆయన అనుకోలేదు.

కాచన ఎదురొచ్చి దండం పెట్టాడు. "పక్క సిద్ధం ప్రభూ. దయచెయ్యండి."

"చూడు, నువ్వే చూడు," అంటూ రాజు పీట ఎక్కి మంచం మీద వాలాడు. ఎన్ని రోజుల నిద్రో, వెన్ను పరుపుకు తగలగానే "ఆహా" అన్నాడు. "ఏదీ, ఎక్కడుంది భయం? ఇంత చల్లటి గాలి, ఇంత..."

ధన్‌మని ఆవరణ మూల ఒక బండరాయి పడింది. గడ్డివామి ఎగిరిపోయింది. రాజుగారు కళ్ళు తెరిచేలోగా రెండో రాయి మంచం పందిరి కొనను ఊడదీసుకుపోయింది.

ఆ తరువాత ఏం జరిగిందో ఉద్దండరాయలకు సరిగ్గా తెలియదు. తెలిసేసరికి ఆయన మంచం కింద ఉన్నాడు. మోచెయ్యి ఎవరికో తగిలింది.

"ఎవరది?"

"నేనే ప్రభూ, గుండామాత్యుణ్ణి."

"నాకన్నా ముందెప్పుడొచ్చారు?"

"తమరికి దారి చూపుదామని..."

అటుపక్క మరో బొజ్జ తగిలింది. "మీరెవరు?"

"జ్యోతిష్యుణ్ణి ప్రభూ. రాయి పడే ఘడియ గుణించుకుని ముందే వచ్చాను."

వెనకనుంచి సంగీతం అయ్యవారు, ఈసారి గొంతు బాగానే ఉండి, "ఎవరో నా కాలు తొక్కుతున్నారు!" అన్నాడు.

"అందరూ ఇక్కడేనా! ఏం చేస్తున్నారు?"

"ఆజ్ఞ పాటిస్తున్నాం ప్రభూ," అన్నాడు జ్యోతిష్యుడు. "అక్కడ చేసే పనే ఇక్కడా చెయ్యమన్నారు. అక్కడా మేం తమరి చుట్టూ కూర్చోవడమేగా చేసేది."

బయట కాచన మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి లోపలికి తొంగిచూశాడు. ముఖం పాలిపోయింది.

"అక్కడేం చేస్తున్నావురా? లోపలికి రా!" అని అరిచాడు రాజు.

"ఎలా రాను ప్రభూ? తమరు వచ్చాక చోటు చాల్లేదు."

రాజుగారి మీసం కింద ఏదో కదిలింది. నవ్వో, తుమ్మో తెలియలేదు.

అంతలో మంచం ముందునుంచి రెండు పాదాలు తాపీగా నడిచిపోయాయి. వాటి వెనకే పప్పు వాసన వచ్చింది.

"ఎవరా మనిషి? రాళ్ళు పడుతుంటే నడుస్తోందేమిటి?"

"వంటశాల ముత్తమ్మ ప్రభూ."

"పిలువు."

ముత్తమ్మ గరిటె పట్టుకునే వంగి చూసింది. "ఏం మారాజా, వడ్డించమంటారా?"

"నీకు భయం లేదా అమ్మా?"

"భయం లేకేం! కానీ అన్నం మాడిపోతుంది గదా. ఆ గోడ మీద కుర్రాళ్ళు పొద్దుటినుంచీ ఉత్త కడుపుతో ఉన్నారు." ఒక్క క్షణం ఆగి, ఇక దాచుకోలేనట్టు అనేసింది. "ముత్తమ్మా, బిడ్డలు పస్తులున్నారు, వెళ్తావా అని ఒక్క మాట అడిగుంటే యుద్ధం మొదలైన నాడే వచ్చేదాన్ని. కొరడా చూపించి బండెక్కించారు. దొంగను తోలుకొచ్చినట్టు! అదే నాకు కడుపుమంట."

రాళ్ళు ఆగాక దళవాయి బొల్లన పరుగున వచ్చి, ఆయనకు చెయ్యందించి బయటికి లాగాడు. మీసానికి పట్టిన బూజు దులుపుకుంటూ ఉద్దండరాయలు అతన్ని అడిగాడు.

"బొల్లనా, మనుషులు కావాలన్నావు. ఇంతమందిని పంపాను. నీకు మేలే కదా?"

బొల్లన నసిగాడు. కాచన వైపు చూశాడు. చివరికి తెగించి చెప్పాడు.

"ప్రభూ, ముత్తమ్మక్కా, పోలమ్మా వచ్చాక నా బంట్లకు ప్రాణం లేచొచ్చింది. అది నిజం. కానీ మిగతావాళ్ళు రాకముందు నాకు ఒకటే పని, శత్రువుతో పోరాడడం. ఇప్పుడు రాయి పడ్డప్పుడల్లా అయ్యవార్లను మంచం కిందినుంచి లాగడానికి బంట్లను పెట్టాల్సివస్తోంది. శత్రువును చూసేదెవరు? ఇష్టం లేనివాణ్ణి తెచ్చి నిలబెడితే, వాడూ కాపలా కాయాల్సిన గోడే అవుతున్నాడు ప్రభూ."

ఉద్దండరాయలు అందరి వైపూ చూశాడు. జ్యోతిష్యుడి తలలో గడ్డి ఉంది. సంగీతం అయ్యవారి పెదాలు ఇంకా అదురుతున్నాయి. తన మోకాళ్ళకేసి చూసుకుంటే వాటికీ మంచం కింది మట్టే అంటుకుని ఉంది.

"కాచనా," అన్నాడు మెల్లగా. "సింగడి విషయంలో ఆనాడు నువ్వు చెప్పింది సబబే. కానీ కత్తి మీద ఆన వేశాను. ఒక్క అక్షరం మార్చకూడదే!"

"మార్చనక్కర్లేదు ప్రభూ. కోటకు పొమ్మన్నారు, వచ్చారు. పనిముట్లు తెమ్మన్నారు, తెచ్చారు. ఇక్కడా అదే పని చెయ్యమన్నారు, చేశారు. ఎన్నాళ్ళుండాలో మాత్రం ఆజ్ఞలో ఎక్కడా లేదు. నాకు తెలిసినంతలో ఆజ్ఞ అక్షరాలా నెరవేరిపోయింది."

రాజు గట్టిగా ఊపిరి వదిలాడు. "మరి నేను అడిగితే ఎవరూ ఉండకపోతే? కోట గతేమిటి?"

"ఒకసారి అడిగి చూడండి ప్రభూ."

ఉద్దండరాయలు జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరుగడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. అప్పుడన్నాడు.

"ఇక్కడ పని ఉంది. ప్రమాదమూ ఉంది. అది నేను కళ్ళారా చూశాను. ఇష్టమైనవాళ్ళు ఉండండి. ఉన్నవాళ్ళకు రెట్టింపు జీతం. దెబ్బ తగిలితే ఉద్యోగం పోదు, ఇంటిల్లిపాదినీ నేను చూసుకుంటాను. ఆ లెక్కన దివిటీల సింగడు ఇవాళ్టి నుంచే మళ్ళీ కొలువులో ఉన్నట్టు. నిచ్చెన ఎక్కడానికి వేరే మనిషిని పెడతాం, ఎక్కడ ఏ దీపం పెట్టాలో సింగడు చెబుతాడు. వెళ్ళిపోదామనుకున్నవాళ్ళు వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. మరి... ఎవరుంటారు?"

కాచన ఒక్కొక్కరి ముఖమే చూశాడు. ఒక్కరూ లేవకపోతే తన మాట ఏమైపోను!

ముత్తమ్మ గరిటె పైకెత్తింది. "నేనుంటాను. నాకు ఇంకో పెద్ద గుండిగ కావాలి."

"నేనూ ఉంటా," అంది పోలమ్మ. "వీళ్ళను సగం కట్లతో వదిలేసి పోతే నాకు అన్నం సయించదు."

తరువాత ఎవరూ ఊహించని మనిషి ముందుకొచ్చాడు. రాజుగారి చిలుకలకు మాటలు నేర్పే లచ్చన. "నేనూ ఉంటాను ప్రభూ. ఈ కుర్రాళ్ళు నా చిలుకలకు అవతలి రాజును తిట్టడం నేర్పుతున్నారు. పాఠం సగంలో ఉంది."

బంట్లందరూ ఘొల్లున నవ్వారు. మరికొందరు చేతులెత్తారు. మిగిలినవాళ్ళు తలలు దించుకుని మూటలు సర్దుకోబోతే, బొల్లనే వాళ్ళ కోసం బండ్లు కట్టించాడు.

అప్పుడు ఉద్దండరాయలు గుండామాత్యుడి వైపు తిరిగాడు. "మంత్రీ, ఈ ఆలోచన తమది. తమరు మాత్రం ఇక్కడే ఉండి..."

"ప్రభూ!" కాచన అడ్డొచ్చాడు. "తొయ్యకండి. అడగండి."

రాజు ఆగాడు. పళ్ళు కొరుక్కుని అడిగాడు. "మంత్రివర్యా, తమరుంటారా?"

"నాకు మోకాళ్ళ నొప్పి ప్రభూ," అన్నాడు గుండామాత్యుడు వినీవినపడనట్టు.

"మంచం కిందికి దూరినప్పుడు లేదే?" అంది పోలమ్మ. ఈసారి మంత్రి కూడా నవ్వక తప్పింది కాదు.

ఆ సాయంత్రం రాజు కోట గోడెక్కి ఏటి అవతలికి చూశాడు. నడుమ లంక మీద ఎండిన దోసతీగెలు కనిపిస్తున్నాయి. చాలాసేపటికి, "ఇది ఆపాలి కాచనా," అన్నాడు. "అవతలికి పోయి సంధి మాట కదిపే మనిషి కావాలి. కత్తి పట్టినవాణ్ణి పంపితే కయ్యమే అవుతుంది. మాట తెలిసినవాడు కావాలి."

ఆ మాట తన మీదికే వస్తోందని కాచనకు అర్థమైంది.

"కాచనా... నువ్వు వెళ్తావా?"

"ప్రభూ, నాకు చచ్చేంత భయం."

"తెలుసు."

"కాదనే వీలుందా?"

"ఉంది."

"కాదంటే ఉద్యోగం ఉంటుందా?"

"ఉంటుంది. ఇంతకు ముందులాగే ఉంటుంది."

కాచన ఏటి వైపు చూశాడు, మళ్ళీ రాజు వైపు చూశాడు. "అయితే వెళ్తాను," అన్నాడు.

తెల్లారాక రాజుగారి తెల్ల దుప్పటిని వెదురుకు కట్టి జెండాలా పట్టుకుని, ముత్తమ్మ చేసిన అరిసెల మూటతో కాచన పడవెక్కాడు. పడవ సాగినంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇవతలి ఒడ్డున ఉద్దండరాయలు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. ఎండెక్కినా గొడుగు కిందికి రాలేదు.

పొద్దు వాలుతుండగా పడవ తిరిగొచ్చింది. కాచన పడవలో నిలబడి దుప్పటి ఊపుతున్నాడు. సంధి కుదిరింది. లంకలో ఒక ఏడు ఇవతలివాళ్ళు దోసపాదులు పెట్టుకోవాలి, మరో ఏడు అవతలివాళ్ళు. రాతియంత్రాలు ఆ రోజే విప్పేయాలి.

కోటంతా కేరింతలతో నిండిపోయింది. ఉద్దండరాయలు నీళ్ళలోకి దిగి కాచన చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తెచ్చాడు.

"ఇంత త్వరగా ఎలా ఒప్పుకున్నాడోయ్ ఆ రాజు? మహా మొండివాడని విన్నానే!"

"మొండివాడే ప్రభూ. మొదట నా ముఖం కూడా చూడలేదు. యుద్ధమంటే తన వాళ్ళకు భయమే లేదన్నాడు, కడదాకా పోరాడతామన్నాడు. ఇంతలో మన రాతియంత్రం బంట్లెవరికో కబురందలేదేమో, కోట నుంచి ఒక రాయి వచ్చి గుడారం పక్కన పడింది. ఆ తరువాత మా ఇద్దరి మధ్యా మాటలు చాలా మర్యాదగా సాగాయి."

"ఎక్కడ కూర్చుని మాట్లాడారు?"

"కూర్చోలేదు ప్రభూ, పడుకుని మాట్లాడాం. అక్కడా ఒక పెద్ద మంచం ఉంది. వాళ్ళ మంత్రి, జ్యోతిష్యుడు, సంగీతం అయ్యవారు అందరూ దాని కిందే ఉన్నారు. నాకు మాత్రం వాళ్ళు కాస్త చోటిచ్చారు."

ఉద్దండరాయలు మొదట కళ్ళార్పాడు. తరువాత పొట్ట పట్టుకుని, ఒడ్డు మీది ఇసకలో కూలబడి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాడు. ఆ నవ్వు చూసి బంట్లు నవ్వారు, బంట్లను చూసి లచ్చన చిలుకలు కూడా ఏదో అన్నాయి. అది ఇక్కడ చెప్పదగింది కాదు. నవ్వి నవ్వి అలసిపోయాక, రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి కాచన మెడలో వేశాడు.